పెద్ద సెడాన్ నచ్చింది, గేర్‌బాక్సే ఇబ్బంది పెడుతోంది: వారంటీలో పట్టుబట్టాలా, అమ్మేయాలా?

ప్రశ్న: పటమట వాసి, విజయవాడ

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్న పెద్ద పెట్రోలు సెడాన్‌కు ఇది నాలుగో ఏడు. కొత్తగానే కొన్నాం, 48 వేల కిలోమీటర్లు తిరిగింది, డబ్బు కట్టి పొడిగించుకున్న వారంటీ వచ్చే ఏడాది వరకు ఉంది. గేర్‌బాక్సు 7 గేర్ల డీసీటీ (రెండు క్లచ్‌లు ఉండే ఆటోమేటిక్), అందులోనూ క్లచ్‌లు నూనెలో మునగని డ్రై రకం. సర్వీసు సెంటర్ వారితో మాటలు ఇంకా నడుస్తున్నందువల్ల కంపెనీ పేరు గానీ షోరూం పేరు గానీ రాయడం లేదు. దయచేసి మీరు కూడా ఊహించి రాయవద్దని మనవి.

బండి మీద మాకు అసంతృప్తి లేదు, ఈ మాట గట్టిగానే చెబుతాను. మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. వెనక సీటులో కాళ్లు బార్లా చాపుకుని హైదరాబాదు దాకా హాయిగా కూర్చోగలుగుతున్నారు. పండుగలకు గుంటూరులో అత్తగారింటికి వెళ్లేటప్పుడు ఇంటిల్లిపాది సామానూ, వచ్చేటప్పుడు వాళ్లు కట్టి ఇచ్చే పిండివంటల డబ్బాలూ పచ్చళ్ల జాడీలూ అన్నీ డిక్కీలోనే సర్దుకుంటాయి. నందిగామ దాటాక జాతీయ రహదారి మీద 100 వేగంతో పోతున్నా వెనక కూర్చున్నవారితో గొంతు పెంచకుండా మాట్లాడవచ్చు. అందరూ ఎస్‌యూవీ కొనమంటున్న రోజుల్లో సెడాన్ తీసుకున్నందుకు మా ఇంట్లో ఎవరికీ విచారం లేదు.

బాధంతా ఊళ్లోనే. సాయంత్రం వేళ రామవరప్పాడు రింగు దగ్గర లారీలు, ఆటోలు, బస్సుల మధ్య అడుగులో అడుగు వేసుకుంటూ కదలవలసి వచ్చినప్పుడు గేరు 1 నుంచి 2కు, 2 నుంచి మళ్లీ 1కి మారుతూ బండి వణుకుతుంది. ఆ వణుకు స్టీరింగు పట్టుకున్న చేతికి తెలియదు, సీటు కింద నుంచి నడుముకు తెలుస్తుంది. పొద్దున్నే బండి తీసినప్పుడు దాని జాడే ఉండదు. అరగంట ట్రాఫిక్కులో నలిగాక మొదలవుతుంది, రోళ్లు పగిలే ఎండల్లో ఇంకా ముందే మొదలవుతుంది. కార్తీక సోమవారం నాడు కోటప్పకొండ ఘాట్ రోడ్డు మీద కార్ల వరుసలో ఆగుతూ ఎక్కుతూ ఉండగా గేర్‌బాక్సు వేడెక్కిందనీ, బండిని పక్కకు ఆపమనీ తెర మీద హెచ్చరిక వచ్చింది. అద్దం దించితే కాలిన వాసన. అమ్మానాన్నలను ఆ ఎత్తులో దించి, బండి చల్లబడేదాకా రోడ్డు పక్కన నిలబెట్టవలసి వచ్చింది. ఆనాటి నుంచి అమ్మ ఈ బండిలో కొండ ఎక్కనంటోంది.

సర్వీసు సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చారు, క్లచ్ అడాప్టేషన్ (క్లచ్ పట్టు అందుకునే చోటును కంప్యూటర్‌కు మళ్లీ నేర్పడం) చేశారు. కొన్నాళ్లు బాగుండి కథ మళ్లీ మొదటికి వచ్చింది. ఉదయం బండి అప్పగిస్తే ఖాళీ రోడ్డు మీద ట్రయల్ చూసి, లోపమేమీ కనబడలేదని, ఈ గేర్‌బాక్సు స్వభావమే అంతని జాబ్ కార్డులో రాసి పంపుతున్నారు. తాజాగా మరో మాట అన్నారు. క్లచ్‌లు అరిగి ఉండవచ్చునట, అరిగే భాగాలు వారంటీలోకి రావట, మార్చాలంటే లక్ష దాటుతుందట. ఇదంతా నోటిమాటే, కాగితం మీద పెట్టమంటే పెట్టడం లేదు.

ఇది నిజంగా ఈ రకం గేర్‌బాక్సు స్వభావమేనా, లేక నా బండిలో లోపమా? దీన్ని ఎలా తేల్చాలి? వారంటీ ఉండగానే అమ్మేయమని మా బావగారు అంటున్నారు. ఇంత ఇష్టపడి కొన్న బండిని ఆ ఒక్క కారణంతో వదులుకోవడానికి మనసు ఒప్పడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


జవాబు: లక్ష్మీపురం నుంచి, గుంటూరు

పటమట వాసి గారికి నమస్కారం. నా దగ్గర ఉన్నదీ పెద్ద సెడానే గానీ గేర్‌బాక్సు పాత పద్ధతి టార్క్ కన్వర్టర్‌ది. పదేళ్లు దాటింది, లక్షా 30 వేల కిలోమీటర్లు నడిచింది. మీరు చెప్పిన వెనక సీటు సుఖం గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ సుఖం అలవాటైనవారు ఎత్తు బండి ఎక్కితే మలుపుల్లో ఊగిసలాటకే విసుగు పుడుతుంది. పెద్దవాళ్లకు సెడాన్ సీటు మరీ కిందికి ఉంటుందని కొందరు అంటారు, అది నిజమే. మా అమ్మగారి కోసం ముందు సీటును పైకి లేపి ఉంచుతాం.

టార్క్ కన్వర్టర్‌లో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య బండిని కదిలించేది నూనె. ఇంజను వైపు రెక్కలు నూనెను తోస్తే ఆ ఒరవడికి అవతలి రెక్కలు తిరుగుతాయి. అందుకే బెంజ్ సర్కిల్ దగ్గర ఎంతసేపు పాకించినా అరిగే పలక అక్కడ ఉండదు, బండి మెత్తగా జారుతున్నట్టు కదులుతుంది. పికప్ కొంత మందం, మైలేజీ కొంత తక్కువ, ఆ రెండూ ఒప్పుకుని కొన్నాను.

ఇబ్బందే రాలేదని చెప్పను. 80 వేల దగ్గర, 70 వేగంలో రేసు కొంచెం నొక్కి ఉంచితే రోడ్డు మీది వరస గీతల మీద పోతున్నట్టు సన్నటి అదురు మొదలైంది. వేగం నిలకడగా ఉన్నప్పుడు ఇంజనునూ గేర్‌బాక్సునూ నేరుగా కలిపి బిగించే లాకప్ క్లచ్ ఒకటి కన్వర్టర్ లోపల ఉంటుంది. నూనె పాతబడితే అది పట్టీ పట్టకుండా అదురుతుంది. మాన్యువల్‌లో ఆ నూనె బండి జీవితాంతం మార్చనక్కరలేదన్నట్టు రాశారు. మన ఎండలకూ మన ట్రాఫిక్కుకూ ఆ మాట చెల్లదని నా నమ్మకం. దించిన నూనె నల్లగా, మాడిన వాసనతో ఉంది. ఒకసారి దించితే పాతది మొత్తం రాదు, కన్వర్టర్‌లో చాలా భాగం నిలిచిపోతుంది. కాబట్టి కొంత తిరిగాక మళ్లీ దించి పోయించాను. కంపెనీ చెప్పిన రకం నూనె తప్ప మరొకటి పోయనివ్వలేదు. అదురు పోయింది, మళ్లీ రాలేదు.

మీ బండికి నా సలహా ఒక్కటే: సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా న్యూట్రల్‌లో పెట్టి చూడండి, క్లచ్‌కు కొంత ఊరట దొరకవచ్చు. స్వభావమా లోపమా అన్నది మాత్రం డీసీటీ పని తెలిసినవారే చెప్పాలి.


జవాబు: గేర్‌బాక్సు పనిలో ఉన్నవాణ్ణి, ఆటోనగర్

నమస్కారమండీ. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి బిగించడమే నా పని, డ్రై క్లచ్ డీసీటీలు మా దగ్గరికి తరచుగానే వస్తాయి. లక్ష్మీపురం వారు టార్క్ కన్వర్టర్ గురించి చెప్పిన ప్రతి మాటా సరైనదే. న్యూట్రల్ సంగతి ఒక్కటే డీసీటీకి వర్తించదు. బ్రేకు పూర్తిగా నొక్కి నిలబడితే డీసీటీలో క్లచ్ దానంతట అదే విడిపోతుంది, న్యూట్రల్‌లో పెట్టినా అంతకంటే ఎక్కువ జరిగేది ఏమీ లేదు. క్లచ్‌ను తినేసేది నిలబడటం కాదు, పాకడం. బ్రేకు సగం వదిలి బండిని అంగుళం అంగుళం జరుపుతున్నంతసేపూ పలకలు రాసుకుంటూనే ఉంటాయి.

మీ బండిలో ఏం జరుగుతోందో కొంచెం వివరంగా చెబుతాను. డీసీటీలో బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు ఒక క్లచ్ ఉంటాయి. ఒక గేరులో పోతుండగానే తరువాతి గేరు రెండో క్లచ్ మీద సిద్ధంగా ఉంటుంది కాబట్టి హైవే మీద గేరు మారిన సంగతే మీకు తెలియదు. మీరు మెచ్చుకునే ఆ మెత్తదనం అక్కడి నుంచే వస్తోంది. ఊళ్లో లెక్క తిరగబడుతుంది. ఇంజను ఐడిల్‌లో, అంటే రేసు ఇవ్వకుండా, తిరుగుతుండగా 1వ గేరులో క్లచ్ పూర్తిగా పట్టాలంటే బండి సుమారు 5, 6 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. 2వ గేరులో అయితే 9, 10 కావాలి. మైలేజీ కోసం కంప్యూటర్ వీలైనంత తొందరగా 2వ గేరు వేసేస్తుంది. ముందున్న ఆటో బ్రేకు వేయగానే మీ వేగం 6కు పడుతుంది. అప్పుడు 2వ గేరు క్లచ్ పూర్తిగా పట్టలేదు, పూర్తిగా వదలలేదు, జారుతూ ఉంటుంది. ఆ వేడిని మోసుకుపోవడానికి డ్రై రకంలో నూనె లేదు, చుట్టూ ఉన్న గాలే దిక్కు. వెట్ క్లచ్ డీసీటీలో పలకల మీద నూనె పారుతూ వేడిని తీసుకుపోతుంది. అందుకే దానికి ట్రాఫిక్కులో ఓపిక ఎక్కువ, బదులుగా ఆ నూనెను కంపెనీ చెప్పిన గడువుకు మార్చక తప్పదు. చాలా బండ్లలో ఆ గడువు 60 వేల కిలోమీటర్లు.

అంటే మీరు చెప్పినదానిలో కొంత స్వభావమే. గేర్ల మధ్య తడబాటు, మొదటి కదలికలో చిన్న కుదుపు, వీటిని ఏ సర్వీసు సెంటరూ పూర్తిగా పోగొట్టలేదు. కానీ నడుముకు తెలిసేంత వణుకు, కాలిన వాసన, హెచ్చరిక, ఈ మూడూ ఒకే బండికి వస్తే దాన్ని స్వభావమని నేను ఒప్పుకోను. ఇటీవలే ఇలాంటి బండి ఒకటి విప్పాం. క్లచ్ పలకను బల్ల మీద పెట్టి దీపం పట్టి చూస్తే దానికి ఎదురుగా ఉండే ఇనుప ముఖం మీద నీలి మచ్చలు వరసగా తేలి ఉన్నాయి. ఇనుము వేడికి రంగు మారిన చోట్లు అవి. వేలితో తడిమితే మచ్చ ఉన్నచోట నున్నగా, పక్కన గరుకుగా తగులుతుంది. అలా ఎగుడుదిగుడుగా మారిన ముఖం పట్టుకున్నప్పుడల్లా పట్టు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. మీకు తెలిసే వణుకు అదే. ఎన్నిసార్లు సాఫ్ట్‌వేర్ మార్చినా ఆ మచ్చలు పోవు. అడాప్టేషన్ చేశాక కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలవడానికి కారణం కూడా ఇదే అయి ఉండవచ్చునని నా అనుమానం. బండి చూడకుండా ఇంతకంటే గట్టిగా చెప్పడం న్యాయం కాదు.

తేల్చే మార్గం ఉంది. ఉదయం చల్లటి బండిని అప్పగించడం మానండి. మధ్యాహ్నం రెండు గంటలకు ఏలూరు రోడ్డులోనో బందరు రోడ్డులోనో ముప్పావుగంట తిప్పి, వణుకు మొదలయ్యాక ఇంజను ఆపకుండా నేరుగా సర్వీసు సెంటర్‌కు తీసుకువెళ్లి, వారి టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని స్కానర్ తగిలించి మళ్లీ అదే రద్దీలోకి వెళ్లండి. స్కానర్‌లో రెండు క్లచ్‌ల ఉష్ణోగ్రత, అవి పట్టు అందుకునే స్థానం, జారుడు ఎంత ఉందన్నది కదులుతున్న అంకెలుగా కనబడతాయి. వణుకు వచ్చిన క్షణాన ఆ అంకెలను రికార్డు చేయించండి. కోటప్పకొండ మీద వచ్చిన హెచ్చరిక తాలూకు కోడ్ కూడా, ఎవరూ చెరిపేయకపోతే, ఆనాటి కిలోమీటర్ల రీడింగుతో సహా కంట్రోల్ యూనిట్‌లో ఉండే అవకాశం ఉంది. ఇకమీదట కోడ్‌లు చెరిపే ముందు ప్రింటు తీయించమని జాబ్ కార్డులోనే రాయించండి.

రెండు మూడు ఇతర కారణాలు లేవని ముందుగానే తేల్చుకోవాలి. బండి పార్కింగులో నిలబడి ఉన్నప్పుడు కూడా వణుకుతుంటే అది ఇంజను మౌంటింగుల పని కావచ్చు. రేసు గట్టిగా ఇచ్చినప్పుడు తడబడితే స్పార్క్ ప్లగ్గులో కాయిల్సో చూడాలి. బ్యాటరీ బలహీనపడితే గేర్‌బాక్సు కంట్రోల్ యూనిట్ చిత్రమైన తప్పులు చూపిస్తుంది, అది చవకగా తేలిపోయే పరీక్ష. వీటిని వదిలేసి నేరుగా క్లచ్ మార్పించుకుని, తరువాత కూడా వణుకు పోలేదని తిరిగి వచ్చినవారిని చూశాను.

ఈలోగా ఊళ్లో నడిపేటప్పుడు మాన్యువల్ మోడ్‌లోకి మార్చి 1వ గేరులోనే ఉంచండి. ముందు బండికీ మీకూ కారు పొడవు ఖాళీ వచ్చేదాకా బ్రేకు నొక్కి నిలబడి, తరువాత ఒక్క కదలికలో ముందుకు పోండి. ఎత్తు మీద రేసుతో బండిని నిలబెట్టడం అసలే వద్దు, బ్రేకుతోనే నిలబెట్టాలి. మధ్యలో ఆటోలు దూరతాయి, దూరనివ్వండి.


జవాబు: తాడేపల్లి నుంచి

అందరూ బాగు చేయించే మార్గమే చెబుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెబుతాను. పటమట వాసి గారి బావగారి మాటను తీసిపారేయకండి. వారంటీ ఉన్న పెద్ద సెడాన్‌కూ లేనిదానికీ పాత బండ్ల బజారులో తేడా చాలా ఉంటుంది, అసలే ఎస్‌యూవీల ధాటికి ఈ బండ్ల ధర తొందరగా పడిపోతోంది. రోజూ వారధి దాటి ఉద్యోగానికి పోయే నాలాంటివారికి డ్రై క్లచ్ సరిపడదు. ఇప్పుడు క్లచ్ మార్చినా అదే రోడ్డు, అదే రద్దీ, అదే ఎండ.

వెనక సీటు సుఖం వదులుకోకుండా గేర్‌బాక్సు బాధ వదిలించుకోవాలంటే కామ్రీ హైబ్రిడ్ లాంటి బండి చూడండి. దానిలో ఈ-సీవీటీ అంటారు గానీ మామూలు సీవీటీ గేర్‌బాక్సులో ఉండే బెల్టూ పుల్లీలూ ఉండవు. ఇంజనునూ రెండు మోటార్లనూ ప్లానెటరీ గేర్ల జత కలుపుతుంది. జారే క్లచ్ లేదు, రద్దీలో చాలాసేపు మోటారు మీదే పోతుంది. ధర ఎక్కువన్నది కాదనను. అమ్మేటట్టయితే మాత్రం, కొనేవారికి గేర్‌బాక్సు సంగతి దాచకుండా చెప్పండి, జాబ్ కార్డులు చేతికి ఇవ్వండి. మనకు వద్దనిపించిన బాధను మరొకరి ఇంటికి చెప్పకుండా పంపడం తగదు.


జవాబు: న్యాయవాది, గుంటూరు

నేను వినియోగదారుల కేసులు చూస్తుంటాను. ఆటోనగర్ వారు చెప్పిన రికార్డు పని ముందు చేయండి. మీకు బలం వచ్చేది అక్కడి నుంచే.

మీ పరిస్థితిలో మొదట చదవవలసింది వారంటీ పుస్తకం. అరిగే భాగాలకు వారంటీ లేదన్న షరతు చాలా కంపెనీల కాగితాల్లో ఉంటుంది. పొడిగించిన వారంటీలో అయితే మరీ స్పష్టంగా ఉంటుంది. కానీ వాడకం వల్ల సహజంగా అరగడం వేరు, లోపం వల్ల ముందుగానే చెడిపోవడం వేరు. ఫిర్యాదు మొదటి వారంటీ కాలంలోనే మొదలైందని చూపే జాబ్ కార్డు ఒక్కటి ఉన్నా ఈ రెండో వాదన నిలబడుతుంది. మీ ప్రశ్నలో మొదటి ఫిర్యాదు ఎప్పటిదో రాయలేదు, ఆ కార్డు వెతికి పట్టుకోండి. ఇకనుంచి జాబ్ కార్డులో సర్వీసు అడ్వైజర్ సొంత మాటలు కాకుండా మీ మాటలే రాయించండి. "గేర్ చెక్" అని రాస్తే దానికి విలువ లేదు. "అరగంట రద్దీలో నడిపాక 1, 2 గేర్ల మధ్య వణుకు, కాలిన వాసన, తెర మీద హెచ్చరిక" అని రాయించి, సంతకం చేసే ముందు చదివి, ఫొటో తీసుకోండి. క్లచ్‌కు లక్ష అన్న మాటను మీరే ఈమెయిలులో రాసి, "మీరు ఈ విధంగా చెప్పారు, కారణం రాతపూర్వకంగా తెలపగలరు" అని అడగండి. జవాబు ఇవ్వకపోయినా ఆ ఉత్తరం మీకు ఆధారమే.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 20 లక్షల నుంచి 50 లక్షల లోపు బండికి ఫీజు 1,000 రూపాయలు. కంపెనీ కార్యాలయం ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే చోటనే ఫిర్యాదు దాఖలు చేసే వీలు ఈ చట్టం ఇచ్చింది. గడువు రెండేళ్లు. ఆ రెండేళ్లు ఎప్పటి నుంచి లెక్కించాలన్న దగ్గరే అవతలివారు పట్టుకుంటారు కనుక నాన్చడం మంచిది కాదు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. చాలా వివాదాలు అక్కడే ఒక కొలిక్కి వస్తాయి.

ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో కూడా చెప్పాలి. బండి మొత్తం మార్చి కొత్తది ఇవ్వాలని అడిగేవారు నా దగ్గరికి తరచుగా వస్తారు. 2006లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది కూడా ఒక కారు క్లచ్ వివాదమే. లోపం ఉన్న భాగాన్ని మారిస్తే సరిపోయేటప్పుడు కారు మొత్తం మార్చమనడం వారంటీ షరతులకు పొసగదని కోర్టు తేల్చింది. కాబట్టి క్లచ్ సెట్టు ఉచితంగా మార్చాలని, మార్చిన భాగానికి రాతపూర్వక హామీ ఇవ్వాలని, ఇబ్బందికి తగిన పరిహారం ఇవ్వాలని అడగండి. ఈ కోరికలు నిలబడతాయి. లోపం కంటికి కనబడనిదైతే కమిషన్ దాన్ని తగిన ల్యాబుకు పంపి పరీక్ష చేయించగలదు, 38వ సెక్షన్ ఆ అధికారం ఇస్తోంది. అందుకే మార్చిన పాత క్లచ్‌ను వారికే వదిలి రాకండి, కనీసం ఫొటోలైనా తీయండి.

బండి మీ పేరున ఉందా, వ్యాపార సంస్థ పేరున ఉందా? సంస్థ పేరున ఉంటే వాణిజ్య అవసరానికి కొన్నారని, మీరు వినియోగదారే కారని వాదిస్తారు. డైరెక్టరూ కుటుంబమూ వాడుకోవడానికి కంపెనీ కొన్న కారు విషయంలో సుప్రీంకోర్టు 2024లో ఆ వాదనను ఒప్పుకోలేదు కాబట్టి భయపడనక్కరలేదు గానీ, వాడకం కుటుంబానిదేనని చూపే ఆధారాలు సిద్ధంగా ఉంచుకోవాలి.


పటమట వాసి, విజయవాడ

అందరికీ కృతజ్ఞతలు. బండి నా పేరుననే ఉంది. పాత కాగితాల సంచి తిరగేస్తే రెండో ఉచిత సర్వీసు నాటి కార్డు దొరికింది. దానిలో "ట్రాఫిక్కులో కుదుపు" అని ఒక్క ముక్క రాసి ఉంది. న్యాయవాది గారు అడిగింది అదేననుకుంటాను.

ఆటోనగర్ వారు చెప్పినట్టే మధ్యాహ్నం రద్దీలో బండిని వేడెక్కించి, ఇంజను ఆపకుండా తీసుకువెళ్లాను. మొదట తరువాత రమ్మన్నారు. ఈమెయిలు ప్రతి చూపించాక ఫోర్‌మన్ గారే స్వయంగా స్కానర్ తగిలించుకుని పక్కన కూర్చున్నారు. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద వణుకు మొదలైనప్పుడు ఆయన మాట్లాడటం ఆపి తెర వంక చూశారు. 2వ గేరు ఉన్న క్లచ్ ఉష్ణోగ్రత అవతలి క్లచ్ కంటే చాలా పైన ఉంది, పట్టు అందుకునే స్థానం కూడా ఒకచోట నిలవకుండా మారుతోంది. పాత హెచ్చరిక కోడ్ సైతం యూనిట్‌లో భద్రంగానే ఉంది, ప్రింటు తీసి ఇచ్చారు. ఇంజను మౌంటింగులు, బ్యాటరీ ఆ రోజే పరీక్షించి బాగున్నాయని రాశారు. ఆ ఫోర్‌మన్ గారు మర్యాదస్తుడు. ఇది స్వభావం కాదని నా ముందే కార్డులో రాసి సంతకం పెట్టారు.

ఆ కాగితాలన్నీ కంపెనీకి పంపాక కొంత తర్జనభర్జన జరిగింది. మొదట భాగాల ధర వారిదనీ, మజూరీ నాదనీ అన్నారు. రెండో ఉచిత సర్వీసు కార్డు పంపి, 1915లో నమోదు చేసిన ఫిర్యాదు నంబరు కూడా జత చేశాక, క్లచ్ సెట్టు మొత్తం వారంటీలోనే మార్చేందుకు ఒప్పుకుంటూ ఉత్తరం వచ్చింది. పరిహారం సంగతి ఉత్తరంలో లేదు, నేనూ దాని కోసం పట్టుబట్టదలచుకోలేదు. తాడేపల్లి వారు చెప్పిన మాటలో నిజం ఉందని ఒప్పుకుంటాను. క్లచ్ మారినా నా దారి మారదు. అయినా నాన్నగారికి ఈ వెనక సీటు కుదిరినంతగా మరొకటి కుదురుతుందన్న నమ్మకం లేక బండిని ఉంచుకోవడానికే నిశ్చయించుకున్నాం. నేను రోజూ ఊళ్లో తిరగడానికి ఇంట్లో ఉన్న చిన్న బండినే వాడతాను.

ఆటోనగర్ వారికి ఒక్క ప్రశ్న: కొత్త క్లచ్ వేసేటప్పుడు, వేశాక, నేను దగ్గరుండి చూసుకోవలసింది ఏమిటి?


జవాబు: గేర్‌బాక్సు పనిలో ఉన్నవాణ్ణి, ఆటోనగర్

మంచి వార్త చెప్పారండీ. పని రోజున వీలైతే విప్పేటప్పుడు అక్కడ ఉండండి. రెండు క్లచ్‌ల ముఖాలనూ పగటి వెలుతురులో ఫొటో తీయండి, నీలి మచ్చలు దేని మీద ఎక్కువ ఉన్నాయో తెలిసిపోతుంది. క్లచ్‌లను నొక్కే లివర్లు, బేరింగులు కూడా సెట్టుతోపాటు కొత్తవి వేస్తున్నారో లేదో అడగండి. పాత బేరింగు మీద కొత్త క్లచ్ బిగిస్తే కొన్నాళ్లకే మళ్లీ గేర్‌బాక్సు దించవలసి వస్తుంది. బిగించేటప్పుడు కొలిచి వేయవలసిన సన్నటి రింగులు కొన్ని రకాల్లో ఉంటాయి. ఆ కొలత తప్పితే కొత్త క్లచ్ కూడా మొదటి రోజు నుంచే వణుకుతుంది. కాబట్టి కొలతలు జాబ్ కార్డులో రాయమనండి.

బిగించాక స్కానర్‌తో బేసిక్ సెట్టింగ్, తరువాత రోడ్డు మీద అడాప్టేషన్ చేయాలి. సెట్టింగ్ జరుగుతున్నంతసేపూ బ్యాటరీకి చార్జరు తగిలించి ఉంచాలి, మధ్యలో ఓల్టేజీ పడిపోతే లెక్క తప్పుతుంది. కొత్త క్లచ్‌లు పట్టు అందుకునే స్థానాల రీడింగు ప్రింటు తీసుకుని పాతదానితో కలిపి దాచండి, తరువాత ఎప్పుడు అనుమానం వచ్చినా పోల్చుకోవచ్చు.

మొదటి 500 కిలోమీటర్లు పలకలు ఒకదానికొకటి కుదురుకునే కాలం. ఆ రోజుల్లో ఘాట్ రోడ్లు వద్దు, నిలబడి ఉన్న బండిని రేసు పూర్తిగా తొక్కి లేపడం వద్దు. అలాగని అదే పనిగా హైవే మీదే కూడా తిప్పవద్దు. రద్దీ లేని ఉదయం పూట ఊళ్లో ఆగుతూ కదులుతూ నడిపితే కంప్యూటర్ ఆ కొత్త పట్టును సరిగా నేర్చుకుంటుంది. ఆ తరువాత మధ్యాహ్నం వేడిలో ఒకసారి స్కానర్ తగిలించి రెండు క్లచ్‌ల ఉష్ణోగ్రతలూ దగ్గర దగ్గరగా ఉన్నాయో లేదో చూపించుకోండి. ఇంకా తేడా ఉంటే సెట్టింగ్ మళ్లీ చేయమని, ఆ తేడా అంకెలతో సహా అదే రోజున కార్డులో రాయించండి.